అన్యాపదేశం నుంచి స్వభావోక్తికి: వారం వారం వచ్చే హాస్య చిత్రకథలో జంతుపాత్ర – దిగువ కృష్ణా డెల్టా నేపథ్యంలో ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం

తెలుగు సాహిత్యంలో జంతుపాత్ర ప్రధానంగా నీతిబోధకు సాధనంగా నిలిచింది. వారం వారం వెలువడే హాస్య వెబ్‌కామిక్ జంతుపాత్రను కోరే తీరు వేరు. అక్కడ జంతువు ఒక నీతిని నిరూపించి నిష్క్రమించదు. అదే స్వభావంతో మళ్లీ మళ్లీ రావాలి. ఈ భేదాన్ని అన్యాపదేశం, స్వభావోక్తి, భ్రాంతిమదలంకారం, హాస్యరస భేదాలు అనే భారతీయ కావ్యశాస్త్ర భావనల వెలుగులో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ ప్రాంతాల సాహిత్య, పత్రికా, జీవావరణ నేపథ్యాలను ఇందుకు ఆధారంగా తీసుకుంటుంది. ఇది ఒక నిర్దిష్ట వెబ్‌కామిక్‌పై సమీక్ష కాదు. ఆ ప్రక్రియ తెలుగులో నిలదొక్కుకోవడానికి అవసరమైన సాహిత్య ప్రాతిపదికల విచారణ.

కీలక పదాలు: వెబ్‌కామిక్, జంతుపాత్ర, అన్యాపదేశం, స్వభావోక్తి, హాస్యం, ఆముక్తమాల్యద, దివిసీమ, బావురుపిల్లి.

1. ప్రవేశిక

తెలుగు పాఠకుడికి జంతువు మాట్లాడడం కొత్త కాదు. దూబగుంట నారాయణకవి పంచతంత్రం మొదలుకొని 1853లో వెలువడిన చిన్నయసూరి నీతిచంద్రిక వరకు, 1947 జూలైలో ప్రారంభమైన చందమామ మొదలుకొని నేటి పాఠ్యపుస్తకాల వరకు నక్కలు, కాకులు, తాబేళ్లు మనతో మాట్లాడుతూనే ఉన్నాయి. అయితే అవి మాట్లాడేది మన గురించే. నక్క అంటే జిత్తులమారి మంత్రి, సింహం అంటే చెప్పుడుమాటలు వినే రాజు, ఎద్దు అంటే నమ్మి చెడిన మిత్రుడు. ఆ జంతువు ఏం తింటుంది, ఎక్కడ నిద్రిస్తుంది, వర్షం వస్తే ఏం చేస్తుంది అనే ప్రశ్నలు కథకు అక్కరలేదు. ఒకటి చెప్పి మరొకటి స్ఫురింపజేసే ఈ పద్ధతిని మన ఆలంకారికులు అన్యాపదేశం అన్నారు.

హాస్య కామిక్ స్ట్రిప్ ఇందుకు భిన్నమైన ప్రక్రియ. మూడు నాలుగు గడుల్లో ఒక చిన్న సంఘటన, ఒక మాటల విరుపు, ఒక ఆశాభంగం, అంతే. వచ్చే వారం అదే పాత్ర మళ్లీ వస్తుంది. తెలుగులో వ్యంగ్యచిత్రాలపైన, బాలసాహిత్యంపైన పరిశోధనలు జరిగాయి. కాని వారం వారం నడిచే జంతుపాత్ర చిత్రకథను విమర్శ ఏ ప్రమాణాలతో చూడాలనే ప్రశ్న విడిగా చర్చకు రావలసి ఉంది. ఆ ప్రమాణాలు లేనప్పుడు రెండు అపోహలు బలపడతాయి. ఒకటి, ఇది పిల్లల కాలక్షేపం కాబట్టి విమర్శకు తగదన్నది. రెండు, ఇది విమర్శకు తగాలంటే ఏదో ఒక సందేశం ఇవ్వాలన్నది. రెండవ అపోహ మొదటిదానికన్నా హానికరమైనది. ఎందుకంటే అది నవ్వుకు నీతిని షరతుగా పెడుతుంది.

ఈ పరిశీలనకు దిగువ కృష్ణా డెల్టాను ఎంచుకోవడానికి కారణాలున్నాయి. తెలుగులో ‘వారపత్రిక’ అనే వ్యవస్థకు ఈ ప్రాంతంతో గాఢమైన సంబంధం ఉంది. కృష్ణాపత్రిక 1902లో మచిలీపట్నంలో పుట్టింది. 1907 నుంచి 1945లో మరణించేవరకు ముట్నూరి కృష్ణారావు దానికి సంపాదకులుగా ఉన్నారు. 1908లో బొంబాయి నుంచి ఆంధ్రపత్రికను వారపత్రికగా ఆరంభించిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు గుడివాడ సమీపంలోని ఎలకుర్రులో జన్మించారు. ఆయనే 1924లో నెలకొల్పిన భారతిలో తలిశెట్టి రామారావు వ్యంగ్యచిత్రాలు వచ్చాయి. తెలుగు పాఠకుడు నిర్ణీతమైన రోజున ఒక పరిచిత స్వరం కోసం ఎదురుచూడడం నేర్చుకున్నది ఇటువంటి పత్రికల వల్లనే. వారానికొకసారి వచ్చే వెబ్‌కామిక్ ఆ నిరీక్షణకే వారసురాలు.

2. నీతికథ కాలం, స్ట్రిప్ కాలం

నీతికథకు, కామిక్ స్ట్రిప్‌కు మౌలికమైన భేదం పాత్రల్లో కాక కాలంలో ఉంది. మిత్రభేదంలో సంజీవకం అనే ఎద్దు పింగళకం అనే సింహం చేతిలో మరణిస్తుంది. హంసలు మోసుకుపోతున్న తాబేలు నోరు తెరిచి నేలరాలుతుంది. ఆ తాబేలు వాచాలత్వం ఒక్కసారే ప్రదర్శితమవుతుంది. ఎందుకంటే దాని ఫలితం ప్రాణాంతకం. నీతికథలో తప్పుకు ఫలితం ఉండి తీరాలి. ఆ ఫలితమే నీతి.

కామిక్ స్ట్రిప్‌లో తాబేలు ప్రతి వారం నోరు తెరుస్తుంది, ప్రతి వారం పడుతుంది, మరుసటి వారం హంసల దగ్గరికి తిరిగి వచ్చి ప్రయాణానికి సిద్ధపడుతుంది. అది ఏమీ నేర్చుకోదు. నేర్చుకుంటే స్ట్రిప్ ముగుస్తుంది. 1913 నుంచి 1944 వరకు అమెరికాలో జార్జ్ హెరిమన్ గీసిన ‘క్రేజీ క్యాట్’లో ఎలుక పిల్లి మీదికి ఇటుక విసరడమే ప్రధాన వృత్తాంతం. పిల్లి ఆ ఇటుకను ప్రేమకు గుర్తుగా భావిస్తుంది. మూడు దశాబ్దాలపాటు ఆ ఇటుక ఎగురుతూనే ఉంది. నీతి కోసం వెతికే పాఠకుడికి అక్కడ చిక్కేది శూన్యం. స్వభావం కోసం చూసే పాఠకుడికి మాత్రం ప్రతి ఇటుకా కొత్తదే.

తెలుగులో ఇటువంటి ‘నేర్చుకోని పాత్ర’కు ఉత్తమ ఉదాహరణ జంతువు కాదు, బాలుడు. ముళ్లపూడి వెంకటరమణ సృష్టించి, బాపు రూపుకట్టిన బుడుగు పెద్దవాడు కాడు, బుద్ధిమంతుడూ కాడు. అతడు అలాగే ఉండడమే పాఠకుడి ఆనందానికి మూలం. ధారావాహికంగా మళ్లీ మళ్లీ కనిపించే మార్పులేని హాస్యపాత్రను తెలుగు పాఠకుడు ఆదరించగలడనడానికి బుడుగు నిదర్శనం. ఆ అవకాశం జంతుపాత్రకు అంతగా దక్కకపోవడానికి నీతికథా సంప్రదాయపు బలమే ప్రధాన కారణమని భావించవచ్చు.

ఈ రెండు కాలవ్యవస్థల నడుమ నిలిచిన ఒక తెలుగు చిత్రకారుడి కృషి ఇక్కడ గమనార్హం. దేవులపల్లి కృష్ణశాస్త్రి కుమారుడు సుబ్బరాయశాస్త్రి ‘బుజ్జాయి’ పేరుతో ప్రసిద్ధులు. ఆయన గీసిన పంచతంత్ర చిత్రకథ 1963 నుంచి 1968 వరకు ‘ఇల్లస్ట్రేటెడ్ వీక్లీ ఆఫ్ ఇండియా’లో వారం వారం వెలువడింది. తెలుగు చిత్రకారుడు జంతుపాత్రలతో అఖిల భారత పాఠకులను వారం వారం పలకరించడం చరిత్రలో చెప్పుకోదగిన ఘట్టం. ఇతివృత్తం పంచతంత్రమే కనుక అది స్ట్రిప్ కాదు, ధారావాహిక. ప్రతి కథా తన నీతి దగ్గర ముగియక తప్పదు. అయినా గీత అనేది కథకు తెలియకుండా ఒక పని చేస్తుంది. వచనంలో ‘ఒక నక్క’ అంటే సరిపోతుంది. బొమ్మలో మాత్రం ఏదో ఒక నక్కను గీయలేము. దానికి ఫలానా ముఖం, ఫలానా నడక, ఫలానా చూపు ఇవ్వక తప్పదు. పదం జాతిని చెబుతుంది, గీత వ్యక్తిని చూపుతుంది. కరటక దమనకులు రెండూ నక్కలే. వచనంలో వాటి భేదాన్ని సంభాషణ మోస్తుంది. బొమ్మలో ఆ భేదం శరీరంలో కనబడాలి. అంటే నీతికథనే గీసినా చిత్రకారుడు తనకు తెలియకుండానే స్వభావోక్తి వైపు అడుగు వేస్తాడు. వెబ్‌కామిక్ ఆ అడుగును తుదకంటా వేయవలసిన ప్రక్రియ.

ఈ భేదం దివిసీమకు చెందిన ఒక స్థలపురాణంలో మరింత స్పష్టమవుతుంది. కృష్ణానది సముద్రంలో కలిసే హంసలదీవికి ఆ పేరు రావడానికి ఒక కథ చెబుతారు. తనలో స్నానం చేసిన వారి పాపాలతో నల్లబడిన గంగ కాకి రూపంలో తీర్థాలు తిరిగి, ఇక్కడి సంగమంలో మునిగి హంసగా మారిందట. పావనత్వాన్ని చెప్పే కథకు ఆ పరిణామం అవసరం. అక్కడ కాకి హంస కావాలి. హాస్య స్ట్రిప్‌లోని కాకి అయితే ప్రతి వారం మునుగుతుంది, ప్రతి వారం కాకిగానే పైకి వస్తుంది, రెక్కలు విదిల్చుకుని నీళ్లు సరిగా లేవంటుంది. రెండు కథలకూ తమ తమ ధర్మాలున్నాయి. ఒకదాని ధర్మంతో మరొకదాన్ని కొలవడమే విమర్శలో జరుగుతున్న పొరపాటు.

3. ఆముక్తమాల్యదలోని బాతులు: నాలుగు గడుల హాస్యం

నీతితో నిమిత్తం లేని జంతుహాస్యం తెలుగుకు పరాయిది కాదని చెప్పడానికి మన ప్రబంధ సాహిత్యంలోనే బలమైన ఆధారం ఉంది. ఆముక్తమాల్యద అవతరణకు దివిసీమ సంబంధం సుప్రసిద్ధం. కళింగ దండయాత్ర సందర్భంలో శ్రీకృష్ణదేవరాయలు విజయవాడలో విడిది చేసి, నేటి ఘంటసాల మండలంలోని శ్రీకాకుళంలో ఆంధ్రవిష్ణువును సేవించి, ఏకాదశి ఉపవాసం ఉన్న రాత్రి స్వామి కలలో కనిపించి ఈ కావ్యం రచించమన్నట్లు కావ్యావతారికే చెబుతుంది.

ఆ కావ్యం ప్రథమాశ్వాసంలో శ్రీవిల్లిపుత్తూరు వర్ణనలో బాతుల పద్యం ఒకటి ఉంది. వర్ణితమైన ఊరు తమిళదేశానిది. కాని పంటకాలువ, వరిమడి, రేవు, బాతులు ఉన్న ఆ దృశ్యం డెల్టా పాఠకుడికి ఏమాత్రం అపరిచితం కాదు. పద్యభావాన్ని గడులుగా విభజిస్తే ఇలా ఉంటుంది. మొదటి గడిలో, పొలాల నడుమ కాలువలో బాతులు తలలను రెక్కల్లో దూర్చి నిద్రిస్తున్నాయి. రెండవ గడిలో, కావలి తిరిగే తలారులు వాటిని చూసి, వేకువన స్నానం చేసి వెళ్లిన బ్రాహ్మణులు పిండి మరచిపోయిన బట్టల ఉండలని పొరబడ్డారు. మూడవ గడిలో, వాటిని వారి ఇళ్లకు చేర్చుదామని రేవులోకి దిగారు. బాతులు పరుగు తీశాయి. నాలుగవ గడిలో, వరిచేలకు కాపున్న స్త్రీలు ఇది చూసి నవ్వారు.

ఇది భ్రాంతిమదలంకారానికి లక్ష్యంగా ప్రసిద్ధమైన పద్యం. అయితే హాస్య చిత్రకథ దృష్టితో చూస్తే దీనిలో మరి నాలుగు విశేషాలు గోచరిస్తాయి.

మొదటిది, బాతులు ఎవరికీ ప్రతీకలు కావు. అవి బాతులు. తల రెక్కల్లో దూర్చి నిద్రించడం వాటి జాతిలక్షణం. ఆ స్వభావోక్తి ఎంత నిర్దుష్టంగా ఉందో భ్రాంతి అంత నమ్మదగినదిగా ఉంటుంది. బాతు భంగిమ సరిగా పట్టుబడకపోతే బట్టల ఉండ అనే పోలిక పుట్టదు, నవ్వూ పుట్టదు. అలంకారాలలో స్వభావోక్తిని దండి మొదటిదిగా లెక్కించడంలోని ఔచిత్యం ఇక్కడ తెలుస్తుంది. రెండవది, పొరబడింది మనుషులు, జంతువు కాదు. పంచతంత్రంలో జంతువు తెలివితక్కువతనం మనిషికి పాఠం. ఇక్కడ మనిషి పొరపాటు వల్ల జంతువుకు నిద్రాభంగం. మూడవది, ఆ పొరపాటులో దుష్టత్వం లేదు. తలారులు దొంగిలించబోలేదు, మరచిన వస్తువును చేర్చబోయారు. మంచి ఉద్దేశం నవ్వులపాలు కావడం చేదు లేని హాస్యం. నాలుగవది, ఈ సంఘటనకు ఫలితం లేదు. బాతులు రేపు మళ్లీ అక్కడే నిద్రిస్తాయి. స్నానాలు రేపూ జరుగుతాయి. తలారులు రేపు మరి దేనినో చూసి పొరబడవచ్చు. పునరావృత్తికి ఇంత అనువైన దృశ్యం మరొకటి దొరకడం కష్టం.

ఐదు శతాబ్దాల కిందటి పద్యానికి కామిక్ స్ట్రిప్ అని పేరు పెట్టడం ఇక్కడి ఉద్దేశం కాదు. జంతుహాస్యానికి తెలుగులో నీతికథ ఒక్కటే వంశవృక్షం కాదని, స్వభావోక్తి ప్రధానమైన మరో వంశం ఉందని గుర్తించడమే ఉద్దేశం. వెబ్‌కామిక్ గీసే యువచిత్రకారుడు ఆదర్శం కోసం పాశ్చాత్యుల వైపు మాత్రమే చూడనక్కరలేదు.

4. ఎవరు ఎవరిని చూసి నవ్వుతున్నారు?

భరతుడు హాస్యానికి వికృతమైన ఆకారాన్ని, వేషాన్ని, వాక్కును విభావాలుగా చెప్పాడు. స్మితం, హసితం, విహసితం, ఉపహసితం, అపహసితం, అతిహసితం అని ఆరు భేదాలు చేసి, వాటిని ఉత్తమ, మధ్యమ, అధమ ప్రకృతులకు రెండేసిగా పంచాడు. అభినవగుప్తుడు అనౌచిత్యాన్ని హాస్యానికి విభావంగా గుర్తించాడు. వారం వారం వచ్చే చిత్రకథకు ఈ విభజన నేటికీ ఉపయోగకరం. ఒక్కసారి చూసి మరచే బొమ్మకు అతిహసితం సరిపోతుంది. ఏళ్ల తరబడి పరిచయమయ్యే పాత్రను స్మిత హసితాలే నిలబెడతాయి. పొట్ట చెక్కలయ్యేలా ప్రతి వారం నవ్వించాలనే పూనిక పాత్రను త్వరగా అలసిపోజేస్తుంది.

ఇందులో వాగ్వికృతి ప్రశ్న మరింత సున్నితమైనది. కృష్ణా జిల్లా భాష ఆధునిక ప్రమాణభాషకు దగ్గరిదన్న మాట తరచుగా వినిపిస్తుంది. దీనివల్ల ఒక వింత పరిస్థితి ఏర్పడింది. ఈ ప్రాంతపు విద్యావంతుల భాష పత్రికలకు, ప్రసారమాధ్యమాలకు ‘సాధారణ తెలుగు’ అయింది. నాగాయలంక మత్స్యకారుడి మాట, కోడూరు వ్యవసాయ కూలీ మాట, పెడన చేనేత కార్మికుడి మాట అదే జిల్లాలో ‘యాస’గా మిగిలిపోయాయి. మన సినిమా, రంగస్థలం చాలాకాలం యాసను హాస్యగాడికి, ప్రమాణభాషను నాయకుడికి కేటాయించాయి.

జంతుపాత్ర చిత్రకథలో ఈ కేటాయింపు తిరిగి ప్రవేశించే ప్రమాదం ఉంది. మనుషులు ప్రమాణభాష మాట్లాడుతూ, గేదె లేదా పిల్లి మాత్రం పల్లె యాసలో మాట్లాడితే, పాఠకుడు నవ్వేది పిల్లిని చూసి కాదు, ఆ యాస మాట్లాడే మనుషులను చూసి. పైకి జంతుహాస్యంగా కనిపించేది లోపల వర్గ, కుల పరిహాసమవుతుంది. అప్పుడది తెలియకుండా జరిగిన అన్యాపదేశం, అందులోనూ అధమస్థాయిది. దీనికి పరిష్కారం యాసను తొలగించడం కాదు, అందరికీ ఇవ్వడం. రొయ్యల చెరువు యజమాని, కావలివాడు, తహసీల్దారు, కొంగ, పిల్లి అందరూ ఆ నేల భాషే మాట్లాడినప్పుడు యాస హాస్యానికి కారణం కాకుండా హాస్యం జరిగే చోటుగా మారుతుంది.

5. గీత, అచ్చు, అక్షరం

వారం వారం ఒకే జంతువును గీయడంలో ఒక సాంకేతిక సమస్య ఉంది. అది ప్రతిసారీ అదే జంతువుగా గుర్తుపట్టేలా ఉండాలి, కాని ప్రతిసారీ కొత్త భంగిమలో ఉండాలి. పెడన, మచిలీపట్నం కలంకారీ ఈ విషయంలో ఆలోచించదగిన పోలిక. శ్రీకాళహస్తి కలంకారీలో కలంతో నేరుగా గీస్తారు. ఇక్కడ చెక్కిన కర్ర అచ్చులతో అద్దుతారు. ఆకృతి రేఖకు ఒక అచ్చు, లోపలి రంగుకు మరొక అచ్చు. అదే నెమలి బట్ట పొడవునా మళ్లీ మళ్లీ వస్తుంది. ఆ పునరావృత్తిలో లయ పుడుతుంది.

కామిక్ చిత్రకారుడి మనసులో కూడా ఇటువంటి అచ్చు ఉండాలి. చెవి ఎంత గుండ్రం, తోక ఎంత పొట్టి, కళ్ల నడుమ ఎంత ఎడం అనే కొలతలు స్థిరపడాలి. అయితే అచ్చు అంతటితో ఆగితే అది అలంకరణ మాత్రమే. స్ట్రిప్‌లో అచ్చు స్థిరంగా ఉండి భంగిమ మారాలి. వెబ్‌లో ఈ శ్రమను తప్పించుకునే సౌకర్యం ఉంది. ఒకసారి గీసిన బొమ్మను నకలు చేసి, నాలుగు గడుల్లో అతికించి, మాటలు మాత్రం మార్చవచ్చు. కదలని ముఖం హాస్యానికి పనికివచ్చే సందర్భాలు లేకపోలేదు. కాని అదే అలవాటైతే హాస్యభారం పూర్తిగా మాటలమీద పడుతుంది, జంతువు మాటల బుడగకు తగిలించిన కొయ్యగా మిగులుతుంది. మాటలు లేని కార్టూన్లకు పేరొందిన జయదేవ్ వృత్తిరీత్యా జంతుశాస్త్ర అధ్యాపకులు కావడం ఇక్కడ స్మరణీయం. శరీరాన్ని ఎరిగినవాడికి మాటల అవసరం తక్కువ.

మాటలు అవసరమైనచోట తెలుగు లిపి తనదైన షరతులు పెడుతుంది. పైన గుడులు, కింద వత్తులు ఉండడం వల్ల పంక్తికీ పంక్తికీ మధ్య రోమను లిపికన్నా ఎక్కువ ఎడం కావాలి. క్రియాపదాలు దీర్ఘంగా ఉండడం వల్ల చిన్న బుడగలో ఒక పదమే ఒక పంక్తిని ఆక్రమిస్తుంది. ‘వస్తున్నాను’ అనేచోట డెల్టా పల్లెల్లో వినిపించే ‘వత్తన్నా’ అని రాస్తే బుడగలో చోటు కలిసివస్తుంది, నోటి లయ కూడా దక్కుతుంది. అంటే వ్యావహారికం ఇక్కడ ఆదర్శం మాత్రమే కాదు, స్థలానికి సంబంధించిన ఆవశ్యకత. గిడుగు వాదానికి కామిక్ బుడగ ఒక చిన్న ప్రయోగశాల.

ఇక తెర విషయం. వారపత్రిక పుటలో నాలుగు గడులూ ఒక్కసారే కంటికి కనిపిస్తాయి. చరవాణి తెరమీద గడులు ఒకదాని కింద ఒకటి వస్తాయి. చివరి గడి ముందుగా కనిపించకపోవడం వల్ల హాస్యానికి అవసరమైన విరామం పాఠకుడి వేలిలో ఉంటుంది. బాతుల పద్యంలో క్రియలు క్రమంగా సాగి, నవ్వు చివరికి రావడం వంటిదే ఈ అమరిక కూడా.

6. బావురుపిల్లి: దివిసీమ ఇచ్చే ఒక అవకాశం

పై ప్రమాణాలను ఒక నిర్దిష్ట జంతువుకు అన్వయించి చూడవచ్చు. దివిసీమ, మచిలీపట్నం తీరంలోని మడ అడవులు, ఉప్పుటేర్లు బావురుపిల్లికి ఆవాసాలు. సుమారు 195 చదరపు కిలోమీటర్ల విస్తీర్ణం గల కృష్ణా వన్యప్రాణి అభయారణ్యం ఈ జంతువు కారణంగా ప్రసిద్ధి పొందింది. ఇది ఇంటిపిల్లికన్నా పెద్దది. పొట్టి తోక, గుండ్రని చిన్న చెవులు, బూడిదరంగు ఒంటిమీద నల్లని మచ్చలు దీని గుర్తులు. ముందరికాళ్ల వేళ్ల నడుమ కొంతవరకు పొర ఉంటుంది. నీళ్లంటే జంకే జాతిలో పుట్టి నీళ్లలో మునిగి చేపను పట్టడం దీని ప్రత్యేకత. హాస్యానికి మూలమైన అనౌచిత్యం ఈ జంతువు పుట్టుకలోనే ఉంది. చిత్రకారుడు కల్పించవలసిన పని లేదు.

భ్రాంతి కూడా సిద్ధంగానే ఉంది. మచ్చలు చూసి దీన్ని చిరుతపిల్ల అని పొరబడడం తరచుగా జరుగుతుంది. బాతులను చూసి బట్టలనుకున్న తలారులకు, బావురుపిల్లిని చూసి చిరుత అని పరుగెత్తే గ్రామస్థులకు మధ్య ఐదు వందల సంవత్సరాల దూరమే గాని స్వభావభేదం లేదు. చిన్న జంతువుకు పెద్ద పేరు అంటగట్టి భయపడే మనుషులను ఆ జంతువు ఎలా చూస్తుంది అన్న ప్రశ్నలో ఏళ్ల తరబడి సాగగల హాస్యం ఉంది.

సంఘర్షణ కూడా వాస్తవమైనదే. కొన్ని దశాబ్దాలుగా గుడివాడ, కైకలూరు, బందరు పరిసరాల్లో వరిపొలాలు చేపల చెరువులుగా, రొయ్యల చెరువులుగా మారాయి. బొచ్చె, శీలావతి పెరిగే చెరువు రైతుకు పెట్టుబడి, పిల్లికి విందు. ఇద్దరిలో ఎవరూ దుర్మార్గులు కారు. రైతును దోషిగా, పిల్లిని బాధితురాలిగా గీస్తే అది పర్యావరణ నీతికథ అవుతుంది. రైతు కష్టాన్ని మరచి నవ్వితే అది అపహసితమవుతుంది. గట్టుమీద టార్చిలైటుతో నిద్ర ఆపుకుంటున్న కావలివాడు, తూము పక్కన అదే పని చేస్తున్న పిల్లి, ఇద్దరూ ఒకే చేప కోసం మేల్కొని ఉన్నారన్న ఎరుక మాత్రం హాస్యమవుతుంది. రోహన్ చక్రవర్తి ఆంగ్లంలో గీస్తున్న ‘గ్రీన్ హ్యూమర్’ భారతీయ వన్యప్రాణులను హాస్య చిత్రకథలోకి తెచ్చింది. తెలుగులో ఆ పని జరిగితే జీవశాస్త్ర జ్ఞానంతోపాటు గట్టు భాష కూడా అందులోకి రావాలి.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. అన్యాపదేశాన్ని పూర్తిగా వదులుకుంటే జంతుహాస్యం సామాజిక విమర్శను కోల్పోదా? వాల్ట్ కెల్లీ ‘పోగో’ దీనికి సమాధానం. 1940ల చివరి నుంచి 1975 వరకు సాగిన ఈ స్ట్రిప్ అమెరికాలోని జార్జియా రాష్ట్రపు ఓకెఫినోకీ చిత్తడినేలను స్థలంగా చేసుకుంది. అందులోని జంతువులు ఒక ప్రత్యేకమైన చిత్తడినేల యాసలో మాట్లాడతాయి. 1953లో సెనేటర్ మెకార్తీని పోలిన పాత్ర అడవిపిల్లి రూపంలో ఆ చిత్తడిలోకి ప్రవేశించింది. ఆ రాజకీయ వ్యంగ్యం ఫలించడానికి కారణం అప్పటికే ఆ చిత్తడి, ఆ జంతువులు పాఠకుడికి ఇరుగుపొరుగు కావడమే. అన్యాపదేశం నిషిద్ధం కాదు. అది స్వభావోక్తి మీద ఆధారపడి రావాలి, దాని స్థానాన్ని ఆక్రమించకూడదు. జంతువు ముందు జంతువుగా బతికితేనే తర్వాత ఎవరినైనా స్ఫురింపజేయగలదు.

దివిసీమలో నవ్వు గురించి మాట్లాడేటప్పుడు 1977 నవంబరు 19ని మరచి మాట్లాడలేము. ఆనాటి ఉప్పెనలో వేలమంది మనుషులు, లెక్కకందని పశువులు పోయాయి. మనిషి కళేబరం, పశువు కళేబరం ఒకే బురదలో కనిపించిన నేల ఇది. ఇటువంటి చోట ‘పడినా మళ్లీ లేచివచ్చే జంతువు’ అనే కామిక్ సంప్రదాయం తేలికైన విషయంగా ఉండదు. ప్రతి వారం తిరిగి వచ్చే పాత్ర తిరిగి రానివారి నేలమీద నడుస్తోంది. అందుచేత ఆ పాత్ర తుపానును హాస్యవస్తువు చేయనక్కరలేదు, తప్పించుకుపోనూ అక్కరలేదు. వాయుగుండం వార్త విన్న మరుక్షణం గట్టెక్కి కూర్చునే పిల్లి, దాన్ని చూసి మారుమాటాడకుండా పక్కన చోటుచేసుకునే ముసలి కావలివాడు, ఇంతటి గడి చాలు. స్మితానికీ కరుణకూ మధ్య ఉన్న సరిహద్దు అంతకంటే పెద్ద గీతను భరించదు.

7. ముగింపు

ఈ పరిశీలన నుంచి తేలే అంశాలు ఇవి. నీతికథలో జంతువు ఫలితం కోసం, హాస్య స్ట్రిప్‌లో పునరావృత్తి కోసం ఉంటుంది కాబట్టి రెండింటినీ ఒకే ప్రమాణంతో విమర్శించకూడదు. తెలుగులో జంతుహాస్యానికి పంచతంత్ర వంశంతోపాటు, ఆముక్తమాల్యద బాతుల పద్యం వంటి స్వభావోక్తి వంశం కూడా ఉంది. యాసను జంతువుకు మాత్రమే కేటాయించడం హాస్యాన్ని పరిహాసంగా దిగజారుస్తుంది. గీతలో అచ్చు స్థిరంగా ఉండి భంగిమ మారడం, బుడగలో నోటి లయ దక్కడం ఈ ప్రక్రియకు ప్రాథమిక నియమాలు. అన్యాపదేశం స్వభావోక్తిని అనుసరించి రావాలి.

చివరగా పరిశోధకులకు సంబంధించిన ఒక ఆచరణాత్మక విషయం. కృష్ణాపత్రిక, భారతి సంపుటాలు గ్రంథాలయాల్లో బైండు చేసి ఉన్నందువల్లనే వాటిపై సిద్ధాంతవ్యాసాలు సాధ్యమయ్యాయి. వెబ్‌కామిక్‌కు ఆ రక్షణ లేదు. ఒక్కొక్క బొమ్మగా చేతులు మారేటప్పుడు గీసినవారి సంతకం కత్తిరింపుకు గురవుతుంది, ప్రచురణ తేదీ పోతుంది, వరుస చెదిరిపోతుంది. బొమ్మలోని అక్షరాలు వెతుకులాటకు చాలావరకు దొరకవు. వరుస పోయిన స్ట్రిప్‌లో పునరావృత్తి కనిపించదు. పునరావృత్తి కనిపించని చోట స్వభావం కనిపించదు. అప్పుడు ఆ జంతువు విడిబొమ్మగా, దాని కింద ఎవరో తగిలించిన నీతివాక్యంగా మిగులుతుంది. తెలుగు శాఖలు, జిల్లా గ్రంథాలయాలు ఇటువంటి చిత్రకథలను తేదీలతో, వరుసక్రమంలో, రచయిత అనుమతితో భద్రపరచడం ఇప్పుడే మొదలుపెట్టాలి. విమర్శ రావడానికి ముందు, విమర్శించడానికి వస్తువు మిగిలి ఉండాలి.